పేరు అడిగితే చిరునామా చెప్పే పెద్దమనిషి

రేణిగుంట జంక్షన్‌లో రైలు మారని వాళ్లు మా వైపు తక్కువ. టికెట్టు కౌంటర్లో మనం ‘రేణిగుంట’ అంటాం. రైల్వే వారి కంప్యూటరుకు మాత్రం అది ‘ఆర్‌యూ’. ఇంటర్నెట్‌లోనూ ఇదే తంతు. మనుషులకు పేర్లు కావాలి, యంత్రాలకు అంకెలు కావాలి. పేరు అడిగితే అంకె చెప్పే పెద్దమనిషే డీఎన్ఎస్ సర్వరు.

తొలిరోజుల్లో ఈ పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధన సంస్థ దాన్ని నిర్వహించేది. అందరూ అక్కణ్నుంచే కాపీ తెచ్చుకునేవారు. జాబితా చేంతాడంత అయ్యేసరికి, ఎవరి పేర్లు వాళ్లే చూసుకునే పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు.

ఈ సంగతి విలువ నాకు రెండేళ్ల కిందట తెలిసొచ్చింది. ఊరి చివర ఓ చిన్న కాలేజీలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. రోడ్డు తవ్వుతుంటే కేబుల్ తెగింది. ఇంటర్నెట్ పోయింది, సరే. పక్క గదిలో ఉన్న లైబ్రరీ సర్వరు కూడా తెరుచుకోలేదు! మర్నాడే పరీక్ష. పాత ప్రశ్నపత్రాలన్నీ అందులోనే. పిల్లలు నా గది ముందు బారులు తీరారు. యంత్రం బాగుంది, తీగా బాగుంది. దాని చిరునామా చెప్పే సర్వరు మాత్రం ఎక్కడో బయట ఉంది. ఎదురింటి తలుపు ఎక్కడుందో చెన్నైకి ఫోన్ చేసి అడిగినట్టుంది మా పరిస్థితి.

ఆ వారమే మూలనున్న పాత కంప్యూటరు దుమ్ము దులిపి లైనక్స్ ఎక్కించాను. అందులో ‘బైండ్’ పెట్టాను. 1980లలో బర్క్‌లీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు మొదలుపెట్టిన ప్రోగ్రామిది. పైసా ఖర్చు లేదు.

అసలు పనంతా ‘జోన్’ అనే చిన్న ఫైలులో ఉంటుంది. లైబ్రరీకి 192.168.1.10, పరీక్షల విభాగానికి 192.168.1.11... ఇలా పేరు పక్కన అంకె. పూర్తి పేరు రాస్తే చివర చుక్క తప్పనిసరి. లేకపోతే బైండ్ దానికి మన డొమైన్ పేరును మళ్లీ తగిలిస్తుంది, ఇంటిపేరు రెండుసార్లు రాసినట్టు. ఫైలు మార్చినప్పుడల్లా అందులోని క్రమసంఖ్య పెంచాలి. పెంచకపోతే తోడుగా పెట్టిన రెండో సర్వరు కొత్త కాపీ తీసుకోదు. బయటివాళ్ల ప్రశ్నలకు జవాబివ్వకుండా కట్టడి చేయడం మరీ ముఖ్యం. అందరికీ బదులిచ్చే సర్వరును దుండగులు ఇతరుల మీద దాడులకు వాడుకుంటారు. చివరగా, కాలేజీ కంప్యూటర్లన్నీ ముందు దీన్నే అడిగేలా మార్చాను.

తనకు తెలియని పేరు వస్తే ఇది మూల సర్వర్లను అడుగుతుంది. వాళ్లు ‘డాట్ ఇన్’ వాళ్లను చూపిస్తారు, వాళ్లు ఆ పేరు గలవాళ్లను చూపిస్తారు. ఊరు, వీధి, ఇల్లు అడుగుతూ పోయినట్టే. దొరికిన జవాబును చెప్పిన గడువు దాకా గుర్తుపెట్టుకుంటుంది. 86,400 సెకన్లంటే సరిగ్గా ఒక రోజు.

మొన్నటి వానల్లో కేబుల్ మళ్లీ తెగింది. ఇంటర్నెట్ సాయంత్రానికి గానీ రాలేదు. లైబ్రరీలో మాత్రం పిల్లలు తలెత్తకుండా చదువుకుంటున్నారు. లోకంలోని పేర్లన్నీ మనకు తెలియనక్కర్లేదు. మన వాకిట్లో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం ఇంకొకర్ని అడగాల్సిన పని ఉండకూడదు.