తోరణం తాడు ఎంత బిగించాలి?

ఈసారి రాత కాస్త పొడుగు, అయినా పూర్తిగా చదవండి.

ఉగాది దగ్గరపడింది. మన సోలాపూర్ తూర్పు పేటల్లో మన తోరణాలు, మరాఠీ ఇళ్ల గుఢీలు పక్కపక్కనే కనిపించే పండుగ. మన హాలు ముందు వీధికి అడ్డంగా తాడు కట్టి, నడుమ శుభాకాంక్షల బోర్డు వేలాడదీస్తాం. ఏటా అదే వాదన. "తాడు గీత గీసినట్టు ఉండాలి కాకా, వంగితే ఫోటోలో బాగుండదు" అని కుర్రాళ్లు. "కొంచెం వదలండిరా" అని పెద్దలు. ఎందుకు వదలాలో మాత్రం ఎవరూ చెప్పరు.

తాడు ఒక కొస హాలు స్తంభానికి, రెండో కొస ఎదురింటి పాత పిట్టగోడకు కడుతున్నాం. ఆ గోడ కిందే పిల్లలు ఆడుకుంటారు, ఆ ఇంటి అవ్వ పొద్దంతా అరుగు మీద కూర్చుంటుంది. అందుకని ఆదివారం తెలుగు తరగతిలో అక్షరాలు పక్కన పెట్టి, పదకొండో తరగతి పిల్లలతో కలిసి లెక్క వేశాం.

పద్ధతి తేలికే. బోర్డు వేలాడే ముడిని ఒక్కదాన్నే చూడాలి. దాని మీద మూడు బలాలు: కిందికి బోర్డు బరువు, చెరో పక్కకు తాడు లాగుడు. పిల్లల మరాఠీ పుస్తకంలో ఈ లాగుడు పేరు 'తాణ్', మన పుస్తకాల్లో 'తన్యత'. ముడి కదలకుండా ఉందంటే పైకి, కిందికి ఉన్న బలాలు సరిసమానం; ఎడమ, కుడి బలాలూ సరిసమానం. ఇదే సమతాస్థితి.

బోర్డు 20 కిలోలు, వీధి వెడల్పు 12 మీటర్లు అనుకుందాం. తాడు సొంత బరువు వదిలేద్దాం. నడుమ తాడు 1 మీటరు కిందికి వంగితే, ఒక్కో పక్క లాగుడు సుమారు 61 కిలోల బరువుతో సమానం. వంపు 30 సెంటీమీటర్లకు తగ్గిస్తే 200 కిలోలు. 15 సెంటీమీటర్లకు తగ్గిస్తే 400 కిలోలు! బోర్డు మాత్రం అదే 20 కిలోలు.

కారణం ఇది. బరువును మోసేది తాడు లాగుడులో పైకి ఉన్న కొద్ది భాగమే. తాడు చదునయ్యేకొద్దీ ఆ భాగం చిన్నదవుతుంది, కాబట్టి మొత్తం లాగుడు పెరగాలి. పూర్తిగా గీతలా నిలిస్తే పైకి లాగే భాగమే ఉండదు. ఎంత బలంతో లాగినా బోర్డు కొంచెమైనా వంచుతుంది. మిగిలిన లాగుడంతా పిట్టగోడను వీధిలోకి గుంజుతుంది. ఆ గోడ తన బరువు తాను మోయడానికి కట్టింది, పక్కకు గుంజితే తట్టుకోవడానికి కాదు. గాలి వీస్తే ఈ లెక్క కంటే ఎక్కువే పడుతుంది.

గోడకు అమర్చే దీపం లెక్క కూడా వేశాం. గోడ నుంచి అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, దాని కొసకు 10 కిలోల దీపం. ఆ కొస నుంచి పైన గోడకు 30 డిగ్రీల వాలులో తీగ. కడ్డీ బరువు వదిలేస్తే తీగ మీద 20 కిలోల లాగుడు, కడ్డీ గోడను సుమారు 17 కిలోలతో నెడుతుంది. "కడ్డీ బదులు తాడు కడితే?" అని ఒక అమ్మాయి అడిగింది. తాడు లాగగలదు గానీ నెట్టలేదు. దీపం ఊగి గోడకు తగులుతుంది.

మగ్గం చూసిన ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పడుగు మరీ బిగిస్తే పోగులు తెగుతాయి, వదులైతే నేత చెడుతుంది. తెగేదాకా లాగొద్దనే మాట మన ఇళ్లలో ఊరికే నిలవలేదు.

కాబట్టి ఈ ఉగాదికి కమిటీ ముందు మా మాట: తాడు మీటరు వంపుతో ఉండాలి, బోర్డు బళ్లకు తగలకుండా కొసలు మరింత పైన కట్టాలి, పిట్టగోడకు వద్దు, మేడ మీది కాంక్రీటు స్తంభానికే కట్టాలి. కుర్రాళ్లు ఒప్పుకున్నారు, లెక్క వాళ్ల చేతే వేయించాం గనుక. ఫోటోలో తాడు వంగి కనిపిస్తే కనిపించనీ. కింద నడిచేది మన పిల్లలే.