తేదీ దాటిన మందు ఎక్కడికి పోతుంది?

తుప్పు పాఠం వచ్చినప్పుడల్లా గాల్వనైజింగ్, పెయింటు, గ్రీజు అని వరసగా చెప్పుకుపోయేదాన్ని. తేదీ దాటిన మందుబిళ్లలు కూడా ఉక్కును కాపాడతాయని చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఆ మందుల అణువులను కాగితం మీద గీసి చూసుకున్నాకే నమ్మకం కుదిరింది.

ఉక్కు రేకుల మీది పొలుసు, తుప్పు వదిలించడానికి కర్మాగారాల్లో వాటిని యాసిడ్ తొట్లలో ముంచుతారు. దాన్ని పిక్లింగ్ అంటారు. యాసిడ్ తుప్పుతో ఆగదు, అడుగునున్న మంచి ఇనుమునూ తినేస్తుంది. అందుకే అందులో కాస్త నిరోధకం కలుపుతారు. నైట్రోజన్, ఆక్సిజన్, గంధకం ఉన్న కర్బన అణువులు తమ ఎలక్ట్రాన్ జంటలతో లోహాన్ని పట్టుకుని, పలచటి పొరగా పరుచుకుంటాయి. యాంపిసిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్, రానిటిడిన్ అణువుల్లో అలా పట్టుకునే చోట్లు చాలానే ఉన్నాయి. పరీక్షా తేలికే. ఉక్కు ముక్కను తూచి, యాసిడ్‌లో ఉంచి, తీసి, కడిగి, ఆరాక మళ్లీ తూచాలి. మందు కలిపినప్పుడు ఎంత అరిగింది, కలపనప్పుడు ఎంత అరిగింది అన్నదే లెక్క.

మరి తేదీ దాటితే మందు చచ్చిపోదా? స్ట్రిప్ మీది తేదీ, అప్పటిదాకా మందు బలంగా ఉంటుందని కంపెనీ ఇచ్చే హామీ. మర్నాటికల్లా అణువు మాయం కాదు. అమెరికా సైన్యం నిల్వల్లోని 122 రకాల మందులను పరీక్షించి 2006లో వెల్లడించిన ఫలితాల్లో 88 శాతం బ్యాచులకు గడువు పొడిగించగలిగారు. ఇది పాత మందులు మింగడానికి అనుమతి కాదు. ఆ పరీక్షలు, ఆ నిల్వ పద్ధతి మన ఇళ్లలో ఉండవు.

అణువు మాయం కాదన్న ఆ సంగతే తర్వాత నన్ను నిలవనివ్వలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం గురించి రాసింది. శుద్ధి అయ్యి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీటిలో బతికిన సూక్ష్మజీవులు మందుకు లొంగని మొండితనం నేర్చుకుంటాయి.

పిక్లింగ్ తొట్టిలోని యాసిడ్ కూడా ఏదో ఒకరోజు బలం తగ్గి బయటికి పోవాల్సిందే. సున్నం కలిపి యాసిడ్‌ను చంపుతారు సరే, అందులోని మందును ఎవరు చంపుతారు? ప్రస్తుతం కొన్నిచోట్ల నిరోధకంగా వాడే ప్రొపార్జిల్ ఆల్కహాల్ వంటివీ విషాలేనని నాకు తెలుసు. అయినా యాంటీబయాటిక్‌లను ఈ పనికి వాడకూడదనే నా నిశ్చయం. మిగతా మందులైతే, ఇళ్లలో పోగైన కలగాపులగం కంటే హోల్‌సేల్ దుకాణాల నుంచి వెనక్కొచ్చే ఒకే రకం సరుకు మేలు. అదీ, వాడేసిన యాసిడ్‌లోంచి మందును తొలగించే ఏర్పాటు ఉన్న చోటే.

కేరళ ప్రభుత్వం 2025లో ఇళ్ల నుంచి వాడని మందులు సేకరించే పథకం మొదలుపెట్టింది. మన ఊళ్లలోనూ అలాంటిది పెట్టమని గట్టిగా అడుగుదాం. అంతవరకు మిగిలిన యాంటీబయాటిక్‌లను దయచేసి సింకులో పారబోయకండి.