రెయిడ్‌లో నా వాటా ఎంత?

పగలు డిగ్రీ పిల్లలకు ప్రబంధాలు చెప్పే నేను, 2019 చలికాలమంతా రాత్రిళ్లు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో ప్రీస్ట్‌ని. నవ్వుకోండి, పర్లేదు.

మోల్టెన్ కోర్‌లోకి 40 మంది కలిసి దిగాలి. దెబ్బలు కాసేవాళ్లు ట్యాంకులు, ప్రాణాలు నిలబెట్టేవాళ్లం హీలర్లం, మిగతావాళ్లు కొట్టేవాళ్లు. చివర రాగ్నరోస్ కూలితే దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వస్తువులు. ఎవరికివ్వాలి? గిల్డ్ గుణం అక్కడే బయటపడుతుంది.

మొదటి గిల్డ్‌లో అంతా మనోళ్లే. వాయిస్ చాట్‌లో మొదటి రాత్రే అడిగారు: "బ్రో, ఫుల్ నేమ్ ఏంటి?" చెప్పాను. కాసేపు మౌనం. ఆ మౌనం మీకూ తెలిసిందే. అక్కడ పంపకం 'లూట్ కౌన్సిల్'ది. నలుగురు ఆఫీసర్లు లోపల మాట్లాడుకుని ఇచ్చేవారు. ఆరు వారాలు హీలింగ్ చేశాను, ఒక్క అంగీ రాలేదు. కారణం నా పేరేనని రుజువు చేయలేను. లెక్క అడిగితే చూపించలేదన్నది మాత్రం నిజం.

తర్వాత ఒక యూరప్ గిల్డ్ దొరికింది. వాళ్లకు రాత్రి 8, మనకు 12:30. అక్కడ డీకేపీ పద్ధతి. వచ్చిన ప్రతి రెయిడ్‌కూ పాయింట్లు, వాటితోనే వస్తువు కొనుక్కోవాలి. పట్టిక అందరికీ కనిపిస్తుంది. నాలుగో వారం నాకు అంగీ వచ్చింది. నిద్రమొహంతో క్లాసుకెళ్లాను.

అదీ సంపూర్ణం కాదు. ముందొచ్చినవాళ్ల దగ్గర పాయింట్లు పేరుకుపోతాయి, కొత్తవాళ్లు అందుకోలేరు. కానీ పట్టిక ఎదురుగా ఉంది కాబట్టే ఆ తప్పును వేలు పెట్టి చూపించగలిగాం, పోట్లాడగలిగాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ సంఘంలో చేరినా మొదటి రోజే అడగండి: లెక్కల పుస్తకం ఎక్కడుంది?