పాచికకు కథ తెలుసునా?



నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. వేషం లేదు, రంగస్థలం లేదు, మాటలే ఆహార్యం. ఒక్కరు మాత్రం ఆ వీరులలో ఎవరూ కాక, వారు తిరిగే లోకమంతా తానై నిలుస్తారు. పూనిన పని నెరవేరునో లేదో అన్న సందేహం కలిగిన చోట పాచిక వేస్తారు. ఇంగ్లీషువారు రోల్ ప్లేయింగ్ గేమ్ అనే ఈ క్రీడను నేను ‘పాత్రధారణ క్రీడ’ అని తెలుగు చేసుకున్నాను. అంతకంటె మంచి మాట తట్టినవారు తెలుపగలరు.

ఈ క్రీడాకారులలో చాలాకాలంగా ఒక వివాదం ఉన్నది. ఇది కథయా, ఆటయా? కథ కోసం పాచికను పక్కన పెట్టవచ్చునా?

వివాద చరిత్ర అంతా ఆడించేవానికి పెట్టిన పేర్లలోనే కనబడుతుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ప్రకటించినప్పుడు అతడు రిఫరీ, అనగా మధ్యవర్తి. బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధక్రీడల నుండి పుట్టిన ఆట కనుక ఆ పేరు సహజమే. 1979 నాటి మార్గదర్శక గ్రంథం పేరులోనే అతడు డంజియన్ మాస్టర్, నేలమాళిగల అధిపతి. 1991లో ‘వాంపైర్: ది మాస్కరేడ్’ అతనిని స్టోరీటెల్లర్ అన్నది. మధ్యవర్తి కాస్తా కథకుడైనాడు!

నడుమ 1984లో ‘డ్రాగన్‌లాన్స్’ ఘట్టాలు వచ్చాయి. వాటిలో నడవవలసిన కథ ముందే సిద్ధం. ముఖ్యపాత్ర మరణిస్తే శవం దొరకకుండా చూడుమని, తరువాత ఎలాగో తిరిగి తెచ్చుకొనవచ్చునని సూచన కూడా ఉన్నది. ఇది మెచ్చనివారు ఆటగాళ్ళను రైలుపట్టాల మీద నడిపిస్తున్నారని ఆక్షేపించారు.

ఆ సూచన చదివి నాకు ధనంజయుని దశరూపకం గుర్తుకు వచ్చింది. రూపకంలో ప్రధాన నాయకుని వధ చూపరాదని ఆయన నిషేధించాడు. ఆ శాస్త్రం చెప్పుకొని బ్రతికిన నేను కథాపక్షమే వహించాలి గదా! కాని వహించలేకున్నాను.

కారణం చెబుతాను. నాటకంలో కవి వేరు, నటుడు వేరు, సహృదయుడు వేరు. కవి ముగింపు ఎరిగినవాడు. అతని ఏర్పాటును నమ్మి ప్రేక్షకుడు నిశ్చింతగా రసం ఆస్వాదిస్తాడు. ఈ క్రీడలో ముగ్గురూ ఒక్కరే. పాత్ర పలుకు కల్పించేవాడూ, పలికేవాడూ, విని పులకించేవాడూ ఆటగాడే. ఒక్కసారి పాచికను చాటుగా మార్చారని తెలిస్తే అంతకు మునుపటి గెలుపులన్నీ అనుమానాస్పదాలే. భయం బూటకమైనప్పుడు వీరరసానికి ఆలంబనమేది?

ఇది నాకు ఉత్త శాస్త్రచర్చ కాదు. అమెరికాలో చదువుకుంటున్న మా మనుమడు ఈ ఆట ఆడతాడు. రెండేండ్లుగా వాడు పెంచుకున్న పాత్ర ఒక మామూలు గుంటలో పడి చనిపోయింది. ఆ పాత్రకు వాడు పెట్టుకున్న పేరు, మూడేండ్ల క్రిందట మమ్మల్ని విడిచిపోయిన వాళ్ళ నానమ్మది. ఆడించే స్నేహితుడు పాచిక మార్చలేదు. “ఒక్క అంకె తాతయ్యా, మారిస్తే ఏం పోయేది? ఇంత చిన్న చావు నానమ్మ పేరుకు తగినదా?” అని ఫోనులో గొంతు పూడిపోగా అడిగాడు. నేను వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, “ఆమె పోయినదీ అలాంటి మామూలు రోజునే గదరా” అన్నాను. తరువాత వాడే చెప్పాడు: మిగిలిన పాత్రలు ఆమె సంచిని వంతులవారీగా మోస్తున్నాయట. అలా మోయమని ఎవరూ వ్రాసిపెట్టలేదు.

కథాపక్షంవారి మాటలోనూ బలం లేకపోలేదు. అర్థంలేని అంకెల వరుస ఎవరికి కావాలి? అయితే అందుకు మందు పాచికను దాచడం కాదు, నియమాన్నే కథకు అనువుగా మలచడం. 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ చేసినది అదే. అందులో రెండు పాచికలు వేసి, పాత్ర గుణాన్ని బట్టి అంకె కలుపుతారు. పది, ఆపైన అయితే పని నెరవేరినట్లే. ఆరు, అంతకు తక్కువైతే చిక్కు. ఏడు మొదలు తొమ్మిది వరకు నెరవేరుతుంది గాని మూల్యం చెల్లించాలి. ఆ మూల్యం నుండే తరువాతి కథ పుడుతుంది.

మనకిది కొత్త కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి చూడండి. అవధాని వేయబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు అడుగడుగునా నిషేధిస్తాడు. పద్యం ఎటు తిరుగుతుందో ఇద్దరికీ ముందు తెలియదు. పృచ్ఛకుడు జాలిపడి విడిచిపెడితే పద్యం పూర్తి కావచ్చు గాని, అది అవధానం కాదు. సభ చప్పట్లు కొట్టేది పద్యానికి మాత్రమే కాదు, నిషేధాన్ని తప్పించుకొనక దాటి వచ్చినందుకు.

కనుక పాచికకు కథ తెలియదు. తెలియకపోవడమే దాని ధర్మం. పడినదానికి అర్థం కల్పించడం మన వంతు.

దీనికి భిన్నంగా తలచే విజ్ఞులు నిర్మొహమాటంగా వాదించవచ్చు.