బంగారం లేని బంగారు గడియారాలు

స్టాంపులు సేకరించేవాణ్ణి లోకం మెచ్చుకుంటుంది. పాత నాణేలు సేకరిస్తే పండితుడంటుంది. నేను అమెరికా బంగారు జేబు గడియారాలు సేకరిస్తానంటే మాత్రం మా పలమనేరులో ముందు నా వంకా, తర్వాత మా ఇంటి తలుపు గడియ వంకా చూస్తారు. భయం లేదు. నా దగ్గరున్న మూడింటిలోనూ గురిగింజెత్తు బంగారం లేదు!

అదెలాగంటారా? పూర్వం అమెరికాలో గడియారం యంత్రం ఒకరిది, పై డబ్బా సాధారణంగా మరొకరిది. 1850లో మొదలైన వాల్తం, 1864లో పుట్టిన ఎల్జిన్ కంపెనీలు యంత్రాలు పంపితే, కొనేవాడు తాహతును బట్టి అంగట్లో నికెల్ డబ్బానో, వెండిదో, బంగారుదో ఎంచుకునేవాడు. దేహం వేరు, ఆత్మ వేరన్న మన వేదాంతం వాళ్ళకెవరు చెప్పారో గాని!

అందుకే బంగారం ధర పెరిగినప్పుడల్లా దేహానికి గండం. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు ఎగబాకినప్పుడు అమెరికాలోనే ఎన్నో డబ్బాలు మూసలో కరిగిపోయాయి. ఇక మన కరువు సీమ సంగతి చెప్పాలా? అమెరికన్ ఆర్కాట్ మిషన్ దొరలు 19వ శతాబ్దంలోనే మదనపల్లె, పలమనేరుల్లో మకాం పెట్టారు గనుక అమెరికా వస్తువు మనకు వింత కాదు. కాని కూతురి పెళ్ళి ముందు తాతగారి గడియారమెంత? ఆచారి బంగారం తూచుకుని యంత్రాన్ని పక్కన పడేస్తాడు.

"ఇది కరగదు సామీ, మీరేం చేసుకుంటారు?" అంటూ మా ఆచారి చేతిలో పెట్టిందే నా మొదటి గడియారం.

"బంగారం ఊరికొదిలి, ఇత్తడి ఇంటికి తెచ్చారా?" అంది మా ఆవిడ.

ఇత్తడే. కాని పనితనమంతా అందులోనే ఉంది. 1891లో ఒహాయో రాష్ట్రంలో కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నాయి. ఒక డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగి, మళ్ళీ నడిచిందట! ఆ తర్వాత వెబ్ బాల్ అనే గడియారాల వర్తకుడు కట్టుదిట్టం చేశాడు. రైలువాళ్ళ గడియారం వారానికి 30 సెకన్లకు మించి తప్పకూడదు. నిలబెట్టినా, పడుకోబెట్టినా ఒకేలా నడవాలి. ఇరుసులు అరక్కుండా కనీసం 17 రాళ్ళుండాలి. యంత్రం మీద చెక్కిన నంబరును బట్టి అది ఏ ఏటిదో కూడా చెప్పవచ్చు.

పెళ్ళికి కరిగించినవాణ్ణి నేను తప్పుపట్టను. ఆ బంగారం ఏ పిల్ల మెడలోనో చల్లగా ఉంటుంది. అవసరమొస్తే ఇంకో నగవుతుంది. యంత్రానికి ఆ యోగం లేదు. వాల్తం కంపెనీ 1957లోనే మూతపడింది. పారేస్తే అంతే!

అందుకే ఆచారికి చెప్పి ఉంచాను: "బంగారం మీరే ఉంచుకోండి. మిగిలింది పారేసే ముందు నాకో కబురు పెట్టండి."