లైటు స్తంభం కింద నా పేరు

డల్లాస్‌కి ఎమ్మెస్‌ చేయడానికి వచ్చిన మూడో నెల. కారు లేదు, ఆదివారం గడవదు. రూమ్మేట్ చెప్తే జియోక్యాషింగ్ యాప్ వేసుకున్నా. ఎవరో దాచిన డబ్బాని జీపీఎస్‌తో వెతకాలి, దొరికితే లోపలి చీటీ మీద పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టేయాలి. 2000 మేలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ కచ్చితత్వంపై ఆంక్ష ఎత్తేసిన మర్నాడే ఒరెగాన్‌లో తొలి డబ్బా దాచారు.

డిఫికల్టీ 1, టెరైన్ 1 ఉన్నది ఎంచుకున్నా. ఓ మాల్ పార్కింగ్‌లో ‘చేరుకున్నారు’ అంది ఫోన్. డబ్బా మాత్రం లేదు! ఫోన్ చూపే చోటు నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుందని అప్పటికి తెలీదు. అరగంట పొదలన్నీ తడిమా.

పక్కనే సెక్యూరిటీ కారు ఆగింది. వీసా గుర్తొచ్చి గొంతు తడారిపోయింది. పరిగెత్తలేదు, అబద్ధం చెప్పలేదు, ఫోన్ చూపించా. ఆయన నవ్వి, “హింట్ చదివావా?” అన్నాడు. చదవలేదు. ‘లైటు స్తంభం’ అని ఉంది! స్తంభం అడుగున ఉన్న రేకు తొడుగు పైకెత్తితే చిన్న ఫిల్మ్ డబ్బా. తీరా చూస్తే నా దగ్గర పెన్ను లేదు. అదీ ఆయనే ఇచ్చాడు.

పేరు తెలుగులో రాశా. ఈ ఊళ్లో అద్దె అగ్రిమెంటు, ఫీజు రసీదు మీద తప్ప నా పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు ఓ స్తంభం కిందా ఉంది.

మీరూ మొదలెడితే హింట్ చదవండి, పెన్ను మర్చిపోకండి.