కలుగు దగ్గర కుర్ర కుక్క

తెనాలి నుంచి రేపల్లెకు రైలు, అక్కడి నుంచి నిజాంపట్నానికి బస్సు. రేపల్లె దాటాక రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులు, చేపల చెరువులు, వాటి మధ్య మిగిలిన మాగాణి. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివరి ఊళ్లివి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు అన్ని ఊళ్లూ తిరిగి ఆఖరున ఇక్కడికి చేరతాయి. అలా నీళ్లు ఒకేసారి అందక నాట్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడితే ఎలుకలకు తిండి ఎక్కువ రోజులు దొరుకుతుంది. అవి పిల్లల మీద పిల్లలు పెడతాయి. పొట్ట దశలో ఉన్న వరి దుబ్బును మొదట్లో కొరికి పడేస్తాయి. కోతకొచ్చాక కంకులు కోసుకుని కలుగుల్లో దాచుకుంటాయి.

ఆ ఎలుకల్ని పట్టడం ఇక్కడి యానాదుల చేతి విద్య. మండలంలో ఓ కాలువ కట్ట మీదున్న వాళ్ల కాలనీకి నేను వెళ్లింది ఎలుకల కోసం కాదు, కుక్కల కోసం. వేటకుక్కను ఎలా తయారు చేస్తారో, అందులోనూ పని త్వరగా అందుకోని కుక్కను ఏం చేస్తారో చూడాలని నా కోరిక.

వేటకుక్క అనగానే అడవి పంది గుర్తుకొస్తుంది. ఆ మాటే అడిగాను. నాకు దారి చూపిన పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "పందుల మీదికి మేం ఉసిగొల్పం బాబూ. కేసులవుతాయి. పైగా ఒక్క కోర తగిలితే కుక్క పేగులు బయటికొస్తాయి." ఆయన చెప్పింది నిజం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అడవి పందిని వేటాడటం నేరం. వీళ్ల కుక్కల పని పొలం గట్ల మీద, పందికొక్కులతో. అది కూడా తేలికైన పని కాదు. కలుగులో ఇరుక్కున్న పందికొక్కు వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గురగురమంటూ ఎదురు తిరుగుతుంది. కరిస్తే పట్టు వదలదు.

పొద్దున్నే గట్టెక్కాం. కోతకు సిద్ధమైన చేను. పెద్దాయన వెంట ఆయన కొడుకు, ఒక గునపం, ఒక పార, అడుగున చిల్లి ఉన్న మట్టికుండ. వాళ్ల ముందు రెండు కుక్కలు, ఒక ఈతలో పుట్టినవే. ఆడది చుక్క, మగది నల్లోడు. వయసు తొమ్మిది నెలలు. చుక్క ఐదో నెలలోనే పని అందుకుంది. నల్లోడు ఇంకా అందుకోలేదు.

పని తీరు ముందు చెప్పాలి. ఒక కలుగుకు మూడు నాలుగు దారులుంటాయి. లోపల ఎలుక ఉంటే ఒక నోటి దగ్గర తాజా మట్టి పొడిపొడిగా పోసి ఉంటుంది. మిగతా దారుల్ని మట్టితో మూస్తారు. కుండలో తడి గడ్డి, నిప్పు వేసి, దాని మూతిని కలుగుకు ఆనించి, అడుగు చిల్లిలోంచి ఊదుతారు. పొగ లోపలికి పోతుంది. ఎలుక మట్టి తోసుకుని ఎటో ఒకవైపు దూకుతుంది, లేదా లోపలే చిక్కితే తవ్వి తీస్తారు. ఏ కలుగులో ఎలుక ఉందో, ఏది ఖాళీయో చెప్పడం కుక్క పని. కుక్క తప్పు చెబితే ఊరికే గట్టు తవ్వినట్టవుతుంది. రైతుకు కోపం వస్తుంది, తవ్విన గట్టు మళ్లీ వీళ్లే పూడ్చాలి. సరిగ్గా చెబితే కూలి వస్తుంది, కలుగులో దొరికిన కంకులూ వీళ్లవే.

చుక్క మొదటి కలుగు దగ్గరే ముందుకాళ్లతో మట్టి గోకి, కుయ్‌కుయ్‌మంది. కొడుకు కుండ అంటించాడు. నల్లోడు మాత్రం పెద్దాయన కాళ్ల వెనకే నిలబడ్డాడు. నేను వాణ్నే చూస్తున్నాను. పొగ వాసనకు ముక్కు తిప్పుకున్నాడు. పందికొక్కు బయటికి దూకినప్పుడు ఒక్క అడుగు ముందుకేసి ఆగిపోయాడు. చుక్క పట్టేసింది. నల్లోడి పెదవి మీద పాత గాటు ఒకటి అప్పుడే నా కంటబడింది.

"ఐదో నెలలో కరిపించుకున్నాడు" అన్నాడు పెద్దాయన. "అప్పుడు వీడికి పాలపళ్లు ఊడుతున్నాయి. చిగుళ్లు వాచి ఉన్నాయి. మావాడు తొందరపడి దించాడు. పట్టు నిలవలా, అది తిరిగి కరిచింది. రెండు నెలలు వీణ్ని గట్టెక్కించలా."

"మరి ఇప్పుడు పనికొస్తాడంటావా బాబాయ్?" అని అడిగాను.

"వాడు పనికిరాడని నీకెవరు చెప్పారు? చూడు."

మరో గట్టు మీదికి చుక్కను రానివ్వకుండా తాడు కట్టి, నల్లోడితో ఒక్కడే నడిచాడు. పిలవలేదు, ఉసిగొల్పలేదు, కలుగు వైపు వేలు కూడా చూపలేదు. నల్లోడు ముక్కు నేలకానించి నడుస్తున్నాడు. ఒక కలుగు దగ్గర ఆగకుండా దాటాడు. రెండోదాని నోటిలో ముక్కు పెట్టి, గట్టిగా బుస్సుమని ఊపిరి వదిలి, అదీ దాటాడు. మూడోదాని దగ్గర ఆగాడు. చెవులు ముందుకొచ్చాయి. తోక కర్రలా బిగుసుకుంది. ముందుకాలు ఒకటి సగం లేచి అలాగే ఉండిపోయింది. గోకలేదు, అరవలేదు. మెడ తిప్పి పెద్దాయన ముఖంలోకి చూశాడు. ఆయన అక్కడే కూర్చుని తవ్వాడు. మూరెడు లోతున పందికొక్కు, దాని పక్క అరలో పచ్చి కంకులు.

చుక్కలా గోకడం వీడికి రాదు. కానీ ఎక్కడుందో వీడికి తెలుసు, తనదైన తీరులో చెబుతున్నాడు. ఆ తీరును పోల్చుకోవడానికి పెద్దాయనకు ఇన్నాళ్లు పట్టింది. ఈ కాలనీలో నేను చూసిన ఓర్పు అదే. కుక్కను మొద్దు అని తోసెయ్యకుండా, దినదినం దాన్ని గమనిస్తూ ఉండటం.

ఆయన పాటించే పద్ధతిలో ఇంకా కొన్ని ఉన్నాయి. ఎడతెగకుండా రోజూ పని పెట్టడు. ఒక రోజు గట్టెక్కిస్తే రెండు మూడు రోజులు ఇంటి దగ్గరే వదిలేస్తాడు. ఎక్కించిన రోజైనా మూడు నాలుగు కలుగులతో సరి, కుక్క ఇంకా హుషారుగా ఉండగానే ఇంటికి మళ్లిస్తాడు. డెన్మార్క్‌లో బీగిల్ జాతి కుక్కల మీద జరిపి 2011లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే దారిలో ఉంది. రోజూ శిక్షణ ఇచ్చిన వాటికంటే వారానికి ఒకటి రెండు సార్లు, అదీ కొద్దిసేపు ఇచ్చినవి తక్కువ పాఠాలతో పని నేర్చుకున్నాయి. అమెరికాలోని బార్ హార్బర్‌లో ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి గమనించిన స్కాట్, ఫుల్లర్ 1965లో అచ్చువేసిన పుస్తకంలో, పిల్ల పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా మనిషితో చెలిమి కుదిరే కాలమని తేల్చారు. ఇక్కడ కుక్కపిల్లలు ఆ వయసులో ఇంట్లో పసివాళ్ల ఒళ్లోనే పెరుగుతాయి. ఆ నమ్మకం ముందే కుదిరింది కాబట్టే, కరిపించుకున్నాక కూడా నల్లోడు భయంతో పారిపోకుండా పెద్దాయన ముఖంలోకి చూశాడు.

నిదానం వల్ల మేలు కూడా ఉందంటాడు ఆయన. కలుగులో ఎలుకే ఉంటుందని లేదు, నాగుపాము ఉండొచ్చు. దూకుడు కుక్క ముక్కు పెట్టేస్తుంది. నిదానంగా పసిగట్టేది వెనకడుగు వేస్తుంది. అలాంటి వెనకడుగును పిరికితనమని కొడితే, కుక్కను పాము నోటికి మనమే అందించినట్టు. ఇంకో ప్రమాదం ఎలుకల మందు. జింక్ ఫాస్ఫైడ్, బ్రోమోడయోలోన్ పెట్టిన చేలో చచ్చిన ఎలుకను తింటే కుక్కకూ ప్రాణం మీదికొస్తుంది. అందుకే పట్టింది తినకుండా వదిలెయ్యడం మొదట నేర్పుతారు. మందు పెట్టిన పొలానికి పోరు. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మనిషికీ, కుక్కకూ కూడా సోకుతుంది. పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకాతో పాటు దీని గురించీ అడగాలని నేను వాళ్లతో గట్టిగా చెప్పాను.

పట్నాల్లోనూ పల్లెల్లోనూ ఆరు నెలల కుక్కను "ఇది మొద్దు, పనికిరాదు" అని రోడ్డు మీద వదిలేసేవాళ్లున్నారు. ఆ వయసుకు దాని గట్టిపళ్లు వచ్చి ఎన్నో రోజులు కాదు కూడా కాలేదు. ఒళ్లు పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. పని అందుకున్న కుక్క ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు గట్ల మీద తిరుగుతుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో చల్లే మినుము మొలకెత్తి ఎదిగే కాలానికి, నల్లోణ్ని పొగ దగ్గరికి అలవాటు చెయ్యాలని పెద్దాయన అనుకుంటున్నాడు. ముందు ఆరిన కుండ పక్కన కూర్చోబెడతాడట, ఆ తర్వాత దూరం నుంచి పొగ చూపిస్తాడట. అప్పటికీ కుదరకపోతే మరో పంటదాకా ఆగుతాడు. దినకూలి మీద బతికే ఇంట్లో ఇంకో పంటదాకా కుక్కకు తిండి పెట్టి ఆగడం చిన్న విషయం కాదు. అయినా ఆయన లెక్క నాకు సరైనదే అనిపించింది. ఏడెనిమిదేళ్ల పనిని మూడు నెలల తొందరలో పోగొట్టుకోవడం కంటే పెద్ద నష్టం ఆ ఇంటికి లేదు.